సూర్యలంక ఇసుకపై ఒక రాత్రి

బాపట్ల రైల్వే స్టేషనులో దిగి ఆటోలో తొమ్మిది కిలోమీటర్లు వెళితే సూర్యలంక వస్తుంది. ఇళ్లు దాటగానే సరుగుడు తోటలు మొదలవుతాయి. ఆ తోటల్లో గాలి హోరు విని, సముద్రమే దగ్గరకు వచ్చిందని కొత్తవారు పొరబడతారు. మన తూర్పు తీరంలో సూర్యుడు నీటి అంచునుండి పైకి లేస్తాడు గనుక, ఫొటోలు తీసేవారు తెల్లవారుజామునే ఇక్కడికి చేరతారు.

2023 ఫిబ్రవరి మూడవ వారములో మా సంఘ యౌవనస్థులు పన్నెండుమందితో అక్కడ గుడారములు వేసుకొని ఒక రాత్రి గడిపాము. పోలీసువారికి, అటవీ శాఖవారికి ముందే తెలియజేశాము. మీ పిల్లలు వెళతామంటే ఇది తప్పక చేయించండి.

పోటు నీరు వచ్చి వెళ్లినచోట పుల్లలు, గవ్వలు ఒక గీతలాగా మిగులుతాయి. ఆ గీతకు చాలా పైన, తోటవైపు గుడారము వేయాలి. ఇసుకలో మేకులు నిలవవు. సంచుల్లో ఇసుక నింపి, తాళ్లు కట్టి పాతితే గాలికి కదలవు. చీకటి పడ్డాక ఎవరూ నీటిలో దిగకూడదని ముందే గట్టిగా చెప్పాను. అలలు నెమ్మదిగా కనిపించినా, లోనికి లాగే ప్రవాహములు ఉంటాయి. విహారానికి వచ్చిన యువకులు ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాము.

మంట వేసుకొని పాటలు పాడాలని పిల్లల కోరిక. గుడ్లకు కాపలా తిరిగే జాలరి పెద్దాయన ఒకరు వచ్చి వద్దన్నారు. చలికాలము మొదలుకొని వేసవి వరకు ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకు వస్తాయి. వెలుగు కనబడితే పైకి రాకుండానే వెనక్కు తిరిగిపోతాయి. పిల్లలు ముఖాలు చిన్నబుచ్చుకున్నారు గాని, పులిహోర పొట్లాలు చీకట్లోనే విప్పారు.

అర్ధరాత్రి దాటాక ఆ పెద్దాయనే వచ్చి, "అయ్యగారూ, తల్లి పైకి వచ్చింది. దీపం లేకుండా, చప్పుడు చేయకుండా రండి" అని పిలిచారు. నలభై కిలోల పైన ఉంటుందేమో, ఆ జీవి ఇసుకలో శరీరాన్ని ఈడ్చుకుంటూ పైకి వచ్చింది. వెనుక కాళ్లతో సుమారు అడుగున్నర లోతు గొయ్యి తీసి, గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటి దాదాపు నూరు గుడ్లు పెడుతుంది. కళ్లవెంట నీరు కారుతూంటే మా అమ్మాయిలు "అయ్యో, ఏడుస్తోంది" అన్నారు. అది ఏడుపు కాదు. తాగిన సముద్రపు నీటిలోని ఉప్పును ఆ విధముగా బయటకు పంపుతుంది. అయినా చూస్తూంటే మనసు ఊరుకోదు.

మాతో వచ్చిన ఒక తమ్ముడు ఫోను ఎత్తాడు. పెద్దాయన చేయి అడ్డుపెట్టారు. నాకది సబబనే తోచింది. ఒక్క ఫ్లాషు వెలుగుకు తల్లి బెదరవచ్చు. పిల్లల సంగతి ఇంకా కష్టము. నలభై అయిదు నుండి అరవై రోజులకు గుడ్లలోనుండి వచ్చిన కూనలు, రాత్రివేళ ఎక్కువ వెలుగు కనబడే వైపుకు నడుస్తాయి. చీకటి ఒడ్డున ఆ వెలుగు సముద్రానిదే. మన విద్యుత్ దీపాలు, మంటలు కనబడితే ఊరివైపు వచ్చి, కుక్కల పాలవుతాయి. అందుకే అటవీ శాఖవారు గుడ్లు సేకరించి, కంచె వేసిన స్థలములో ఇసుకలో పాతి, కూనలు వచ్చాక సముద్రములో వదులుతారు. 1972 వన్యప్రాణి చట్టము వీటికి గట్టి రక్షణ ఇచ్చింది. గాలి పీల్చుకునే జీవి గనుక, మరపడవల వలల్లో చిక్కుకుంటే పైకి రాలేక చనిపోతుంది. ఆ మరుసటి ఉదయమే ఒక కళేబరము ఒడ్డున చూశాము.

ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు లేచాడు. దానికి ఇరవై నిమిషాల ముందే ఆకాశము కెంపురంగుకు తిరుగుతుంది. మంచి ఫొటోలు అప్పుడే వస్తాయి. ఫోనులో ఆకాశము మీద వేలు పెట్టి వెలుగు కాస్త తగ్గిస్తే, పడవలు నల్లగా, నీళ్లు బంగారంలాగా పడతాయి. ఉప్పుగాలికి అద్దము మసకబారుతుంది. మెత్తని పొడిగుడ్డ జేబులో ఉండాలి. ఇసుక రేణువు ఉంటే ముందు ఊదాలి, రుద్దకూడదు.

రాత్రి ఫోను దించిన తమ్ముడే అన్నిటికన్నా మంచి ఫొటో తీశాడు. తల్లి తాబేలు సముద్రములోనికి తిరిగి వెళ్లిన జాడ అది. ట్రాక్టరు చక్రము అచ్చులాగా, ఏటవాలు వెలుగులో ప్రతి గుర్తూ నిలిచి కనబడింది. అలలు తగిలేచోట ఆగిపోయింది.

ఎనిమిది గంటలకు జాలరులు వల లాగుతూంటే మా కుర్రవాళ్లు కూడా తాడు పట్టారు. ఆ ఫొటో ప్రింటు వేయించి పంపమని పెద్దాయన అడిగారు. రెండు కాపీలు పంపాము, ఒకటి ఆయనకు, ఒకటి కాపలా గుడిసెకు.