తమ్ముడు మోసుకొచ్చిన వైఫై

2016. కాచిగూడ దగ్గర నింబోలిఅడ్డలో ఒక్క గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. నాది డిగ్రీ ఫైనలియర్. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి డబ్బుల్లేవు, యూట్యూబే దిక్కు. అప్పట్లో ఒక్క జీబీ డేటా రెండొందల పైమాటే, గుర్తుందా? ఇంట్లో స్మార్ట్‌ఫోన్ కూడా ఒక్కటే.

ఆ ఏడాదే కాచిగూడ స్టేషన్లో ఫ్రీ వైఫై పెట్టారు. రైల్వే సంస్థ రైల్‌టెల్ ఫైబర్ ఇచ్చింది, గూగుల్ దాని మీద నెట్‌వర్క్ కట్టింది. జనవరిలో ముంబై సెంట్రల్‌లో మొదలైన ఈ జోడీ 2018 నాటికి 400 స్టేషన్లకు చేరింది. మాకైతే పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్‌కే కోచింగ్ సెంటర్ దొరికినట్టయింది.

కానీ స్టేషన్‌కి వెళ్లేది నేను కాదు, ఇంటర్ చదివే మా తమ్ముడు. రాత్రి అన్నం తిన్నాక నేను రాసిచ్చిన చీటీ పట్టుకుని వెళ్లి, వీడియోలన్నీ ఆఫ్‌లైన్‌లో సేవ్ చేసుకొచ్చేవాడు. "అక్కా, ఎనిమిదో క్లాసు సగంలో ఆగింది. రైలొచ్చింది, జనం తోసేశారు!" అనేవాడు. ఆ మిగతా సగం కోసం మర్నాటి రాత్రి దాకా ఎదురుచూడాలి.

ఒకసారి నేనే వెళ్లా. బెంచీ మీద కూర్చుంటే ఇరవై నిమిషాల్లో ముగ్గురు అడిగారు, "ఏ ట్రైనమ్మా?" అని. లేచి వచ్చేశా. వైఫై అందరికీ ఒకటే. రాత్రి తొమ్మిదింటికి ప్లాట్‌ఫాం మాత్రం కాదు.

సెప్టెంబర్లో జియో వచ్చింది, స్టేషన్ బాధ తప్పింది. (ఉద్యోగం రెండేళ్ల తర్వాత వచ్చింది లెండి.) 2020 ఫిబ్రవరిలో గూగుల్, డేటా చౌకైంది కాబట్టి ఇక తప్పుకుంటామని చెప్పింది. స్టేషన్లలో వైఫైని రైల్‌టెల్ కొనసాగించింది. నెల తిరిగేసరికి లాక్‌డౌన్. మా పక్కింట్లో ముగ్గురు పిల్లలు, ఒకే ఫోన్. రీచార్జ్ అయిపోతే క్లాసూ అయిపోయినట్టే. డేటా ఎవరికి చౌకైందో వాళ్లమ్మని అడగాలి.

అదే ఏడాది డిసెంబర్లో కేంద్రం పీఎం-వాణి పథకానికి ఓకే చెప్పింది. కిరాణా కొట్టువాళ్లు కూడా లైసెన్స్ లేకుండానే వైఫై పెట్టి, చిన్న చిన్న ప్యాకులు అమ్ముకోవచ్చు. నాకు బాగా నచ్చింది. అమ్మాయిలకు కొట్టు దాకా వెళ్లడం స్టేషన్‌కి వెళ్లినట్టు కాదు కదా! మా వీధి కొట్టు అంకుల్‌కి ఉత్సాహంగా చెప్పా.

ఆయన పప్పు తూస్తూ, "కనెక్షన్ బిల్లు నాది, కరెంటు నాది. నాకేం మిగులుద్దమ్మా?" అన్నాడు.

లెక్క వేద్దామని ఫోన్లో క్యాలిక్యులేటర్ తీశా. నెలకు ఎంతమంది కొంటారో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు.