రేవు లేని తీరం

చెన్నపట్నానికి సముద్రం వున్నది గాని, దేవుడిచ్చిన రేవు లేదు. తీరం గీత గీసినట్టు తిన్నగా పోతుంది. ఓడ తలదాచుకొనేందుకు చిన్న వంపైనా లేదు. పైగా ఏటా కురిసే సుమారు 1,400 మి.మీ. వానలో సగానికి పైగా అక్టోబరు–డిసెంబరు నెలల్లోనే, తుపానులను వెంటబెట్టుకుని వస్తుంది.

పూర్వం ఓడలు దూరాన లంగరు వేసేవి. మేకులు లేకుండా కొబ్బరిపీచు తాళ్లతో కుట్టిన మసూలా పడవలు మనుషులనూ మూటలనూ ఒడ్డుకు చేర్చేవి. కెరటం మోదితే ఆ కుట్టు సాగేది, పడవ పగిలేది కాదు.

ఈ అవస్థ చూసి దొరలు 1876లో సముద్రంలోకి రాతిగోడలు కట్టనారంభించారు. 1881 తుపాను వాటిని చాలామటుకు కూల్చింది, మళ్లీ కట్టారు. అయితే ఇక్కడ కెరటాలు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకను దక్షిణంనుంచి ఉత్తరానికి నెడతాయి. దానికి గోడ అడ్డుపడింది. దక్షిణాన పేరుకున్న ఇసుకే మెరీనాను అంత విశాలం చేసింది. ఇసుక అందని ఉత్తరాన, రాయపురం వైపు, సముద్రం ఒడ్డును కోసివేసింది. పల్లెకారుల ఇళ్లు పోయాయి. ఇప్పుడక్కడ బండరాళ్లే కాపలా.

మెరీనాలో ఇసుకగూళ్లు కట్టే మా పిల్లలను ఒక ఆదివారం ఆ రాళ్లదాకా తీసుకువెళ్లాను. "ఇక్కడ ఇసుక లేదేం నాన్నా?" అంది చిన్నది.

"నువ్వు గూడు కట్టుకున్నది దానితోనే, అమ్మా" అన్నాను.