బల్లి గ్రుడ్లు

గడచిన వేసవి సెలవులలో నేను మా గ్రామమునందు నాయనమ్మ యొద్ద నుంటిని. ఏప్రిల్ నెల 28వ తేదీని ఆమె యాజ్ఞపై ముందుగదిలోని పాత గోడగడియారమును దులుపబోగా, దాని వెనుక చెక్కపై రెండు తెల్లని గ్రుడ్లు ఒకదాని ప్రక్క నొకటి కనబడినవి. ఒక్కొక్కటి పచ్చిబఠాణీ గింజంత యుండెను. మన యిండ్లలో తిరుగు బల్లి సాధారణముగా ఒక పర్యాయమునకు రెండు గ్రుడ్లే పెట్టును. కోడివలె వానిపై కూర్చుండి పొదుగదు. చీకటియు వెచ్చదనమును గల సందు చూచి పెట్టి, తన దారిని తాను పోవును. ఆ తల్లి చేయని పనిని నేను చేయవలెనని నాకు బుద్ధి పుట్టినది.

నాయనమ్మ విని, “ఓరి నాయనా! బల్లి మీద పడిననే పంచాంగము చూడవలసి వచ్చునే, నీవు దాని గ్రుడ్లనే పెంచెదవా?” అని నొసలు కొట్టుకొనెను. ఆమె యుద్దేశమున బల్లి యింట నుండుట దోషము కాదు, ముట్టుట దోషము. బల్లి విషజంతువని కూడ ఆమె నమ్మకము. మన యింటి బల్లికి విషము లేదని పాఠములో చదివితినని చెప్పితిని గాని, పాఠములు ఆమె యెదుట నిలువవు. తుదకు వంటింటి గడప దాటి లోనికి తేరాదను నియమముతో ఒప్పుకొనెను.

పగులునేమో యను భయముచేత గ్రుడ్లను వ్రేళ్లతో పట్టక చెంచాతో మెల్లగా ఎత్తి, జల్లించిన పొడి యిసుక పోసిన అట్టపెట్టెలో నుంచితిని. మూతకు సూదితో రంధ్రములు చేసితిని. చీమల బాధ తప్పించుటకు పళ్లెములో నీళ్లు పోసి, నడుమ గ్లాసు బోర్లించి, దానిపై పెట్టె నిలిపితిని. మొదట వసారా రేకుల క్రింద పెట్టగా నాయనమ్మయే, “అచ్చట మనుష్యులే మాడిపోవుచున్నారు, బాన ప్రక్కన పెట్టుము” అనినది. బానయున్న మూలలో మధ్యాహ్నము సైతము వేడిమి 32 డిగ్రీలు దాటలేదు. ఈ పనిలో నాకు దక్కిన సలహాలలో అది మొదటిది. బహుశః మిక్కిలి మంచిది.

విశాఖపట్టణమున జంతుశాస్త్రము చదువుచున్న మా అక్కకు ఈ సంగతి ఫోనులో చెప్పితిని. విదేశములలో అనేకులు లెపర్డ్ గెకో యను బల్లిని పెంచుదురనియు, అది అఫ్గానిస్థానము, పాకిస్థానము, మన దేశపు వాయవ్య భాగములలోనిదనియు, దాని గ్రుడ్డు పెంకు తోలువలె మెత్తన గనుక తేమలో నుంచవలెననియు ఆమె తెలిపెను. 26 డిగ్రీల వేడిమిలో నుంచినచో దానికి దాదాపు అన్నియు ఆడుపిల్లలే కలుగుననియు, 32 డిగ్రీల ప్రాంతమున మగవి హెచ్చగుననియు విని నాకు ఆశ్చర్యము కలిగినది. మన యింటి బల్లి గ్రుడ్డు పెంకు సున్నపుబిళ్లవలె గట్టిది. దానికి తడి యవసరము లేదు. అంతలో మాట తెగినది. అసలు చెప్పవలసిన మాట మిగిలిపోయినది.

రాత్రి అందరు నిద్రించిన పిమ్మట ఒక గ్రుడ్డును తీసి టార్చిలైటునకు అడ్డముగా పట్టి చూచుట నేను మొదలిడితిని. లేత గులాబీరంగు వెలుగులో సన్నని యెఱ్ఱని నరములు కానవచ్చెను. ఆ చూపునకు తనివి యెక్కడిది? ప్రతి రాత్రియు దానిని ఇటునటు దొర్లించి చూచుచుంటిని. రెండవదాని పెంకుపై చిన్న మచ్చ యుండుటచే వెలుగు సరిగా సాగదని దానిని ముట్టలేదు. పండ్రెండవ రాత్రి ఎఱ్ఱని నరములు లేవు. మూడుదినములలో గ్రుడ్డు పసుపుపచ్చబారి, ఒక ప్రక్క సొట్టపడినది.

నాయనమ్మ పెట్టె చూచి, “చిన్నది మొన్న మూత తీసి నూకలు వేసినది. దాని చేయి తగిలియే చెడినది” అనెను. అప్పుడే గోడమీద బల్లి పలికినది. నాయనమ్మ నేలపై వ్రేలితో కొట్టి, “సత్యము” అనెను. మా చెల్లికి ఆరేండ్లు. కన్నుల నీరు పెట్టుకొని నావైపు చూచినది. నేను ఊరకుంటిని. నాటినుండి అది ఆ మూలకు రెండు బారల దూరముననే ఆగిపోవుచుండెను.

ఆ వారమే అక్క మరల ఫోను చేసి, గ్రుడ్లను తిరుగవేయరాదని చెప్పినది. కోడిగ్రుడ్డులో పచ్చసొనను ఇరుప్రక్కల పట్టియుంచు మెలిత్రాళ్ల వంటివి యుండును. కావున కోడి తన గ్రుడ్లను ముక్కుతో త్రిప్పుచుండును. బల్లి గ్రుడ్డులో నవి లేవు. పిండము పైభాగమునకు చేరి పెంకులోని పొరకు అంటుకొనును; దొర్లించినచో అది క్రిందుపడి చెడిపోవచ్చును. పై వైపున పెన్సిలుతో గుర్తు పెట్టి, ఎత్తవలసివచ్చినను ఆ గుర్తు పైకే యుండునట్లు చూడవలెనట. నేను “సరే అక్కా” అంటిని. జరిగినది ఆమెకును చెప్పలేదు. ఆ గ్రుడ్డు నావలననే చచ్చెనని నిశ్చయముగా చెప్పుట కష్టమే; కాని చెల్లి వలన కాదని మాత్రము నాకు తెలియును.

మిగిలిన గ్రుడ్డునకు గుర్తు పెట్టి, టార్చిలైటును నాయనమ్మ పెట్టెలో దాచితిని. జూన్ 9వ తేదీ ఉదయమున, అనగా నలువదిరెండవ దినమున, పెంకు చివర చీలి, చిన్న మూతి వెలికి వచ్చెను. బల్లిపిల్లకు పెంకు కోయుటకై ముందుభాగమున రెండు మిక్కిలి చిన్న దంతము లుండి, పిదప రాలిపోవునట. నా కంటికి అవి చిక్కలేదు. గడియ గడువకముందే చిటికెనవ్రేలి పొడవైనను లేని పిల్ల, కన్నులు తప్ప మరేమియు లేనట్లుండి, ఇసుకపై నిలిచినది. తోక పట్టినచో ఊడిపోవునని తెలిసి, పెట్టెనే గడియారము క్రింద గోడకు ఆనించితిని. మొదటి దినములలో కడుపులోని సొనయే దానికి ఆహారము గనుక మేత పెట్టు పని లేకపోయెను.

చెల్లిని పిలిచితిని. అది రెండు బారల దూరమున నిలిచి రాదాయెను. అప్పుడు, నాయనమ్మ వినుచుండగనే, మొదటి గ్రుడ్డును దొర్లించి చెఱచినది నేనేనని చెప్పితిని. “ఎంత పని చేసితివిరా! పసిదానిని ఇన్నాళ్లు ఏడ్పించితివి గదా” అని నాయనమ్మ చెల్లిని దగ్గరకు తీసికొనబోయెను. చెల్లి ఆమె చేయి విడిపించుకొని, “నీవు రాత్రులు దీపము వేయుట నేను దుప్పటిలోనుండి చూచుచునే యుంటిని, అన్నయ్యా” అని, పిల్ల యెంత దూరము ప్రాకినదో చూచుటకు గడియారము క్రిందికి పరుగిడెను.