నాన్న బుల్లెట్‌కు ఏ కార్బొరేటర్?

కర్నూలు కొండారెడ్డి బురుజు దాటి నంద్యాల రోడ్డెక్కితే ఓర్వకల్లు రాతి వనాల దాకా ఎండే తోడు. నాన్న ఇచ్చిన పాత బుల్లెట్ 350 మీద ఆ దారిన దూసుకెళ్లాలని కుర్రాళ్ల సరదా. అందుకే 24 మి.మీ. కార్బొరేటర్ పీకేసి, 500 సీసీ బండికుండే 28 మి.మీ.ది బిగించాలంటారు.

తొందరపడకండి! చిన్న ఇంజిన్‌కు పెద్ద గొంతు పెడితే, నెమ్మదిగా వెళ్లేటప్పుడు గాలి జోరు తగ్గి బండి తడబడుతుంది. పైగా ఎండకు గాలి పలుచబడి పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. ప్లగ్గు నల్లబడిందా? జెట్ ఒక సైజు తగ్గించాలి. తెల్లబడిందా? పెంచాలి. టీ రంగుంటే భేష్.

2020లో బీఎస్-6 వచ్చాక కొత్త బుల్లెట్లలో ఈ లెక్కంతా ఇంజెక్షన్‌దే. పాత బండికి మాత్రం మెకానిక్ చెయ్యే కంప్యూటర్. తొలి కిక్కుకే నాన్ననాటి ‘డుగ్ డుగ్’ వినాలంటే 24 చాలు.