గోస్తని పైనున్న బడికి ఒక ఉత్తరం

మీ ఇంట్లో నాలుగో అయిదో చదివే గుంటలున్నారా? ఉంటే వాళ్ల తెలుగు నోటుబుక్కు ఓసారి తెరిచి చూడండి. ‘ఆవు’, ‘వర్షాకాలం’, ‘నా స్నేహితుడు’. ఏ ఇంట్లో చూసినా అదే ఆవు, అవే నాలుగు కాళ్లు. పిల్లలకి రాయడం చేతకాక కాదండీ, అవతల చదివేవాళ్లు లేక. ఆవు సంగతి మాస్టారికి ముందే తెలుసు. ఎర్ర సిరాతో తప్పులు దిద్ది, సంతకం పెట్టి నోటుబుక్కు తిరిగిచ్చేస్తారు, అంతే.

అదే గుంటణ్ణి మన తగరపువలస వంతెన మీద నించోబెట్టి, గోస్తనికి వరదొచ్చిన రోజు ఏం చూశావురా అని అడగండి. ఆపకుండా చెప్తాడు. మీకు తెలీదనీ, మీరు వింటున్నారనీ వాడికి తెలుసు మరి.

ఈ కిటుకుని గట్టిగా పట్టుకున్నవాడు ఫ్రాన్సు దేశపు పల్లెటూరి మాస్టారు సెలెస్టిన్ ఫ్రెనే. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తులు దెబ్బతిని, గొంతెత్తి పాఠం చెప్పలేకపోయేవాడు. 1924లో తన బడిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు తాము చూసిందే రాసేవారు, కలిసి కూర్చుని దిద్దుకునేవారు, అక్షరాలు తామే పేర్చి అచ్చు వేసేవారు. ఆ కాగితాలు దేశం అవతలి కొసన, బ్రిటనీ సముద్రతీరంలోని ఇంకో బడికి వెళ్లేవి. అక్కడి పిల్లల రాతలు ఇక్కడికొచ్చేవి. మన దగ్గరా చెన్నేకొత్తపల్లి నుంచి ‘కొత్తపల్లి’ అనే పిల్లల పత్రిక 2008లో మొదలై, పిల్లలు రాసిన కథల్ని అచ్చు వేసింది.

నాకు మటుకు మన గోస్తని మీదే ఆశ. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దిగి, తాటిపూడి దాటి, మన ఊరి పక్కనుంచి వెళ్లి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ మొదట్లో ఒక బడి, ఈ చివర ఒక బడి ఉత్తరాలు రాసుకుంటే ఎలా ఉంటుంది? వల ఎలా అల్లుతారో భీమిలి పిల్ల రాయాలి. 2009లో మూతపడ్డ చిట్టివలస జూట్ మిల్లులో తాత ఏ పని చేసేవాడో మనవడు అడిగి రాసుకోవాలి. థింసా ఆటలో అడుగులెలా వేస్తారో కొండమీది పిల్లలు చెప్పాలి. ‘వల అంటే తెలిసిందే కదా’ అని తప్పించుకోవడానికి ఉండదు. అవతలివాళ్లు ‘ఆ ముడి ఎలా వేస్తారు?’ అని తిరిగి అడుగుతారు. పేరా ఎక్కడ విడగొట్టాలో, ఏది ముందు చెప్పాలో ఆ ప్రశ్నే నేర్పుతుంది.

భాష సంగతేమిటంటారా? ఆ ప్రశ్న మన ప్రాంతానికి కొత్త కాదు. 1906-07 ప్రాంతంలో బడుల ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర, మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకాల తెలుగు ఇంకొకటీ ఎందుకయ్యాయని అడిగాడు. విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నని వదల్లేదు. వాడుక భాష కోసం అంత పోరాటమూ పిల్లల చదువు మీద బెంగతోనే మొదలైంది. కాబట్టి ‘అమ్మ బేగి వచ్చీమంది’ అని మన గుంటడు రాస్తే, దయచేసి కొట్టెయ్యకండి. ఒత్తులూ దీర్ఘాలూ మాత్రం ఉత్తరం పోస్టులో వేసే ముందు దిద్దుకోనివ్వండి. తెలియనివాళ్లు చదువుతారంటే తప్పుల్లేకుండా పంపాలని వాడికే పట్టుదల వస్తుంది.

ఖర్చంటారా, పోస్టుకార్డు ఇప్పటికీ అర్ధ రూపాయే. ఇంటి అడ్రసు వద్దు, బడి అడ్రసు చాలు. పంపే ముందు టీచరు ఒకసారి చూస్తే మంచిది. ముప్ఫై మంది ఒకేసారి రాయనక్కర్లేదు, వారానికి అయిదుగురు చాలు. మిగతావాళ్లు వచ్చిన జవాబులు పైకి చదివి గోడకి అంటిస్తారు.

అరకు వైపు వలిసె పూలు నవంబరు, డిసెంబరు నెలల్లో విరగబూస్తాయి. దసరా సెలవలయ్యాక మొదటి కట్ట వెళ్తే, జవాబులొచ్చేసరికి అక్కడి పిల్లలకి చెప్పడానికి బోలెడుంటుంది. భీమిలి, చిట్టివలస, తగరపువలస మాస్టార్లూ, టీచరమ్మలూ, మీలో ముందు ఎవరు మొదలుపెడతారు?