వంపు తీర్చు విద్య

మన కంటికి కనబడు వస్తువులలో కొన్ని చదునైనవి, కొన్ని వంపు తేరినవి. పలకను, పెట్టెను, తలుపును కొలబద్దతో కొలిచి గీయవచ్చును. కుండను, పడవను, మోటారుకారును అట్లు గీయుట సులభము కాదు. చదునైన తలము ఎచ్చటనైనను ఒక్కటే. వంపు అడుగడుగునకు మారుచుండును. అట్టి వంపు తలములను కంప్యూటరు తెరపై తీర్చిదిద్దు విద్యను నేడు ఇంజనీరింగు కళాశాలలలోను, పాలిటెక్నిక్కులలోను విద్యార్థులు ప్రయోగశాలయందు అభ్యసించుచున్నారు.

వంపులన్నియు ఒక్క తీరువి కావు. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేయువారు అంకుడు కొయ్యను తరిమెనకు పట్టించి త్రిప్పుచు, ఉలి ఆనించి చెక్కుదురు. కొయ్య తిరుగుచుండుటచే బొమ్మ చుట్టును ఒకే రూపము ఏర్పడును. కుమ్మరి సారెమీది కుండయు అట్టిదే. ఇట్టి వస్తువునకు ప్రక్కనుండి కనబడు అంచురేఖ యొక్కటి తెలిసిన చాలును. ఆ రేఖను ఇరుసు చుట్టు త్రిప్పినచో వస్తువంతయు సిద్ధించును. కంప్యూటరు తెరపైనను ఈ పని సులభమే. కాని ఓడ పొట్టకు ఇరుసు లేదు. కారు ముందుభాగమునకును లేదు. చిక్కంతయు అచ్చటనే మొదలగును.

పూర్వము ఓడలు నిర్మించువారు ఈ చిక్కును చేతితోనే విడదీసిరి. విశాలమైన నేలపై సన్నని కొయ్యబద్దను పరచి, కావలసిన చోటుల సీసపు దిమ్మలతో దానిని నిలిపెడివారు. దిమ్మల నడుమ బద్ద తనంత తాను నునుపుగా వంగెడిది. ఆ వంపు వెంబడి గీత గీసెడివారు. దిమ్మలు కొలదిగా నున్నచో గీత సాఫీగా వచ్చును. ఇష్టము వచ్చినన్ని పెట్టి బద్దను బలవంతపెట్టినచో గీత మెలికలు పోవును. ఈ సంగతి వారికి అనుభవముచే తెలిసినది.

20వ శతాబ్దమున కారుల పరిశ్రమ పెరిగినప్పుడు బద్దలతో పని తీరలేదు. చిత్రకారుడు గీసిన వంపు పటములోనికి, పటమునుండి నమూనాకు, నమూనానుండి ఉక్కు అచ్చునకు పోవునప్పటికి కొంత కొంత మారిపోయెడిది. వంపును అంకెలలో చెప్పగలిగిననే గాని ఈ తేడా పోదు. ఫ్రాన్సు దేశమున సిట్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్టెల్జో 1959లో ఇందులకు ఒక గణితమార్గమును కనుగొనెను. రెనో సంస్థలో పియర్ బెజియే కొలది కాలములోనే వేరొక దారిని అట్టి ఫలితమునే సాధించెను. మొదటి సంస్థ తమ పద్ధతిని రహస్యముగా నుంచెను. బెజియే తన పద్ధతిని ప్రకటించెను. అందుచేతనే ఆ వంపులకు నేటికిని బెజియే పేరే నిలిచినది.

ఆ పద్ధతి యిట్టిది. ఒక వంపురేఖకు నాలుగు బిందువులు చాలును. మొదటిదియు చివరిదియు రేఖపై నుండును. నడిమి రెండును రేఖను అంటక, దూరముగా నిలిచి, దానిని తమవైపునకు లాగుచుండును. ఇట్టి బిందువులు వరుసకు నాలుగు చొప్పున నాలుగు వరుసలు, అనగా 16 బిందువులు చేరినచో ఒక తలఖండము ఏర్పడును. వానిలో మూలలయందలి నాలుగు మాత్రమే తలమును తప్పక తాకును.

1975లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున మార్టిన్ న్యూయెల్ అను పరిశోధకునకు కంప్యూటరుపై చిత్రించుటకు తగిన వస్తువొకటి కావలసి వచ్చెను. ఇంటిలోని టీ పాత్రను చిత్రింపుమని ఆయన భార్య సూచించెను. ఆయన దానిని గళ్ల కాగితముపై గీసి, బిందువుల స్థానములను గుర్తించి, వానిని కంప్యూటరునకు అందించెను. పొట్ట గుండ్రనిదే యైనను, పిడియు కొమ్మును ఇరుసునకు లొంగునవి కావు. తొలుత ఆ చిత్రమునకు అడుగు లేదు, తరువాత చేర్చిరి. అడుగుతో కలిపి పాత్రకంతకును 32 తలఖండములు, 306 బిందువులు మాత్రమే! ప్రపంచమందలి విద్యార్థులెందరో ఆ పాత్రపైననే తమ ప్రోగ్రాములను పరీక్షించుకొనిరి. అసలు పాత్ర నేడు కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ పట్టణమున, కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాలలో నున్నది.

ఇంత తక్కువ బిందువులతో పని జరుగునని క్రొత్త విద్యార్థి నమ్మలేడు. ప్రయోగశాలలో మోటారు సైకిలు పెట్రోలు టాంకును తీర్చుటకు పూనుకొన్న ఒక విద్యార్థి సంగతి చూడుడు. అతడు టాంకును కొలిచి, ఒక్కొక్క రేఖపై నలుబది బిందువులు గుర్తించి, అన్నింటి మీదుగను రేఖను పోనిచ్చెను. రెండు దినముల శ్రమతో టాంకు తెరపై తళతళ మెరసెను. అతడు పొంగిపోయెను.

అధ్యాపకుడు వచ్చి చూచి, ఏమియు అనక, ఒక మీట నొక్కెను. వెంటనే టాంకుమీద నలుపు తెలుపు చారలు ప్రతిఫలించెను. నునుపైన తలముపై సాఫీగా సాగిపోవలసిన ఆ చారలు నీటి అలలవలె వణకుచుండెను. తలఖండములు కలిసిన చోట పుటుక్కున తెగిపోయెను.

"అయ్యా, ప్రతి బిందువును కొలిచియే పెట్టితిని. తప్పెట్లు వచ్చినది?" అని విద్యార్థి అడిగెను.

"నాయనా, కొలతలో వెంట్రుకవాసి తేడా యుండక తప్పదు. అన్ని బిందువుల మీదుగను పోవలెనని పట్టుపట్టితివి గనుక రేఖ ఆ తేడాల వెంట నడచినది. తెరపై ఇది చిన్న అలయే. కాని ఈ రూపముతో ఉక్కు అచ్చు చెక్కినచో, ఆ అచ్చున దిగు ప్రతి టాంకునందును ఈ అల కనబడును. అప్పుడు దిద్దుటెట్లు?" అని అధ్యాపకుడు పలికెను.

విద్యార్థి కొంత తడవు తెరవంక చూచుచు కూర్చుండెను. రెండు దినముల పనిని చెరపివేయుటకు చేయి రాలేదు. తుదకు చెరపివేసెను. ఈసారి రేఖకు నాలుగైదు బిందువులే యుంచి, వానిని కొంచెము కొంచెముగా జరుపుచు, రూపమును పట్టుకొనెను. రెండు ఖండములు కలియు చోట మూడు మెట్లు గడువవలెనని అతనికి తెలిసివచ్చెను. అంచులు తాకవలెను, దిశ ఒక్కటి కావలెను, వంపు మోతాదును ఒక్కటి కావలెను. మొదటిది మాత్రమే కుదిరినచో చారలు తెగును. రెండవదియు కుదిరినచో చారలు కలియును గాని, కలిసిన చోట విరుపు నిలుచును. మూడును కుదిరిననే చారలు అతుకు తెలియకుండ సాగిపోవును.

కంప్యూటరు గీయుమన్న రేఖను క్షణములో గీయును. చారలు చూపుమన్న చూపును. ఎన్ని బిందువులు చాలునో, ఏది ఎచ్చట నుండవలెనో నిర్ణయించుట నేర్చినవాని పని. చేసినది బాగులేదని తెలిసినప్పుడు దానిని చెరపుటకును వానికే ధైర్యముండవలెను. పనివాని గొప్పతనము పెట్టిన బిందువుల లెక్కలో లేదు. తగినన్నింటిని తగినచోట నుంచుటలో నున్నది. వస్తువు తయారైన పిదప ఆ బిందువులు ఎవరికిని కనబడవు. వంపు మాత్రము కంటికి ఇంపుగా నిలుచును.