పన్నెండూ ఒకటి

మేము సవరలం. మా భాషలో పదమూడుకు వేరే మాట లేదు, 'పన్నెండూ ఒకటి' అంటాం. ఆ లెక్క ఈమధ్య డీజిల్ దగ్గర పనికొచ్చింది.

అనాస, చింతపండు కిందికి దింపడానికి ఊరంతా చందాలేసుకుని పాత చిన్న లారీ కొన్నాం. ట్యాంకు 60 లీటర్లని పుస్తకంలో ఉంది. ఓరోజు ముల్లు సున్నాకొచ్చాక పాతపట్నం బంకులో మూతిదాకా కొట్టిస్తే బిల్లు 63 లీటర్లకొచ్చింది. కొందరం బంకును అనుమానించాం, కొందరం మా డ్రైవరు తమ్ముణ్ణి. సంతలో షావుకారి కుంచానికి మోసపోయినవాళ్ల పిల్లలం, అనుమానం ముందే పుడుతుంది.

బంకులో ఐదు లీటర్ల కొలపాత్ర అడిగాం. తూనికలు, కొలతల శాఖ ముద్రవేసిన ఆ పాత్రతో ఎవరడిగినా కొలిచి చూపాలి. సరిగ్గా గీతకే వచ్చింది.

ముల్లు మళ్లీ సున్నాకొచ్చినప్పుడు ఊళ్లోనే ట్యాంకు కింది నట్టు విప్పాం. ఇంకా రెండు లీటర్లు కారింది. అడుగు మడ్డి పీల్చకుండా గొట్టం కాస్త పైనే ఉంటుందట. ఐదు లీటర్ల డబ్బాతో పోశాం. పన్నెండు డబ్బాలు పట్టాయి. ఇంకొకటీ పట్టింది, మూతిదాకా. అంటే 65.

"ఎండకి డీజిల్ ఉబ్బుతుంది. ఆ జాగా వదిలి కంపెనీ 60 అంటుంది" అన్నాడు మెకానిక్.

ఎవరూ అబద్ధమాడలేదు. మళ్లీ కొలవమని షావుకారిని మా తాతలు అడగలేకపోయారు, మేము అడిగాం. కానీ తమ్ముణ్ణి కొలవకుండానే దొంగన్నాం. ఆ సాయంత్రమే అందరం వెళ్లి తప్పు ఒప్పుకున్నాం.

ఇప్పుడు పన్నెండు దగ్గరే ఆపుతాం. ఆ ఒకటి ఎండకి వదిలేస్తాం.